బౌలర్ చెయ్యి, కాలవ గాలం: ఒక ఫ్లై ఫిషింగ్ కేస్ స్టడీ

విద్యార్థికి 48 ఏళ్లు. సొంతూరు దివిసీమలో ఒక పల్లె, ఉండేది న్యూజెర్సీలో, ఉద్యోగం సాఫ్ట్‌వేర్. లీగ్ క్రికెట్‌లో ఇప్పటికీ మీడియం పేస్ వేస్తారు. చిన్నప్పుడు పంట కాలవల్లో గాలం వేసి జెల్లలు, మట్టగిడసలు పట్టిన అనుభవం ఉంది. ఈకలూ దారమూ చుట్టి పురుగులా కట్టిన ముల్లుని ఫ్లై అంటారు. దాన్ని విసిరే ఫ్లై రాడ్ పట్టుకోవడం ఇదే మొదటిసారి. పుట్టినరోజుకి కూతురు ఈ వీకెండ్ స్కూల్‌కి డబ్బు కట్టి పంపింది. మెడికల్ ఫారంలో భుజం నొప్పి ఏమీ రాయలేదు కానీ, బ్యాగ్ మోసే తీరు చూస్తే కుడి భుజం కాస్త పట్టేసినట్టు తెలుస్తోంది. పేరు వద్దన్నారు, మిగతాదంతా రాసుకోమన్నారు.

నేను కాస్టింగ్, అంటే లైన్ విసరడం, నేర్పే ఇన్‌స్ట్రక్టర్‌ని. న్యూయార్క్ రాష్ట్రంలో క్యాట్‌స్కిల్ కొండల నడుమ, రాస్కో ఊరి చుట్టుపక్కల, వసంతంలో వీకెండ్ స్కూళ్లలో నేర్పుతుంటాను. పెద్దవాళ్లు ఈ విద్యకి ఖాళీ చేతులతో రారు. ఈయన చేతిలో రెండు పాత విద్యలు ఉన్నాయి, ఒకటి బౌలింగ్, ఇంకోటి గాలం. రెండూ ఫ్లై ఫిషింగ్‌కి దగ్గరగా కనిపిస్తాయి. ఒకటి దాదాపు పూర్తిగా అడ్డొచ్చింది. రెండోది కొంత అడ్డొచ్చి, కొంత ఎవరికీ లేనంత సాయం చేసింది. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి అని తేల్చుకోవడానికే రెండు రోజులూ సరిపోయాయి.

చోటు గురించి నాలుగు ముక్కలు. రాస్కో దగ్గర విల్లోవీమాక్ వాగు వచ్చి బీవర్‌కిల్ నదిలో కలుస్తుంది. ఆ కలిసే మడుగుని జంక్షన్ పూల్ అంటారు. అమెరికాలో డ్రై ఫ్లై ఫిషింగ్, అంటే నీటి పైన తేలే ఫ్లైతో చేప పట్టడం, ఊపిరి పోసుకున్నది ఈ కొండల్లోనే. పక్క లోయలోని నెవర్‌సింక్ ఒడ్డున ఉండే థియొడోర్ గోర్డన్ 1890లో ఇంగ్లండ్ నుంచి డ్రై ఫ్లై నిపుణుడు ఫ్రెడరిక్ హాల్ఫర్డ్ పంపిన ఫ్లైల నమూనాలు చూసి, వాటిని ఇక్కడి వేగమైన నీళ్లకి తగ్గట్టు మార్చి కట్టారు. అంతకు ఏడేళ్ల ముందు, 1883లో, జర్మనీ నుంచి బ్రౌన్ ట్రౌట్ గుడ్లు న్యూయార్క్‌కి వచ్చాయి. ఈ రోజు మనం గౌరవంగా వెంటపడే చేప కూడా వలస వచ్చిందే. ఈ మాట చెప్పగానే మా విద్యార్థి నవ్వి, "అయితే మా బ్యాచే" అన్నారు. జోన్ వుల్ఫ్, లీ వుల్ఫ్ దంపతులు బీవర్‌కిల్ ఎగువన 1979లో స్కూల్ పెట్టాక, వారాంతంలో వచ్చి నేర్చుకుని వెళ్లే పద్ధతి ఈ లోయలో బాగా పాతుకుపోయింది. నేను నేర్పేది వేరే చోట. కాస్టింగ్‌ని ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కకీ పేరు పెట్టి చెప్పే పద్ధతికి మాత్రం జోన్ వుల్ఫ్‌కి మేమంతా బాకీ.

శనివారం ఉదయం, గడ్డి మీద

మొదటి పూట నీళ్ల జోలికి పోము. గడ్డి మైదానంలో, ముల్లు లేకుండా, లీడర్ (లైన్ చివర కట్టే సన్నటి దారం) కొసన చిన్న ఊలు ముక్క కట్టి విసరడమే. టోపీ, కళ్లద్దాలు తప్పనిసరి.

ఆయనకి ఇచ్చింది 9 అడుగుల 5-వెయిట్ రాడ్. మామూలు గాలంలో బరువు కొసన ఉంటుంది. ఎరకో సీసం గుండుకో ఉన్న బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ కొసన ఉండేది ఈకలూ దారమూ చుట్టిన చిన్న ముల్లు, దానికి బరువే లేదు. బరువంతా లైన్‌లో ఉంటుంది. 5-వెయిట్ అంటే మొదటి 30 అడుగుల లైన్ 140 గ్రెయిన్లు, దాదాపు 9 గ్రాములు. ఆ బరువు వెనక్కి వెళ్లి గాల్లో తిన్నగా చాపుకుంటేనే రాడ్ వంగుతుంది, వంగిన రాడ్ ఠక్కున ఆగితేనే లైన్ ముందుకి దూసుకుపోతుంది. అందుకే ఈ విద్యలో ముఖ్యమైనది ఆగడం.

ఆయన ఆగలేదు. ఎవరూ మొదట ఆగరు. కానీ ఈయన ఆగకపోవడం వేరే రకం.

కొత్తవాళ్లు సాధారణంగా భయంభయంగా ఊపుతారు, మణికట్టు వదులుగా వేలాడుతుంది. ఈయన ఊపులో తడబాటే లేదు. నెమ్మదిగా మొదలై, వేగం పెరుగుతూ పోయి, చెయ్యి ఎదర నుంచి ఎడమ తుంటి దాకా వెళ్లిపోతోంది. భుజం తిరుగుతోంది, వెనక మడమ లేస్తోంది. చూడ్డానికి ఎంతో అందంగా ఉంది. లైన్ మాత్రం పెద్ద గుండ్రటి ఉచ్చులా తెరుచుకుని, ఆయన కాళ్లకి పదడుగుల దూరంలో కుప్పగా పడుతోంది. బ్యాక్‌కాస్ట్‌లో, అంటే వెనక్కి విసిరేటప్పుడు, అయితే రాడ్ కొస దాదాపు నేలకి తగులుతోంది.

"బౌలింగ్ చేస్తారా అండీ?" అని అడిగాను.

"ఎలా తెలుసు మాస్టారూ?"

ఫాలో త్రూ. బౌలర్‌కి అది ప్రాణం. 156 గ్రాముల బంతిని వదిలేశాక చెయ్యి ఠక్కున ఆపితే భుజం పోతుంది. అందుకే బంతి పోయాక కూడా చెయ్యి సాగుతూ, మెల్లగా వేగం తగ్గించుకుంటుంది. బౌలింగ్‌లో వస్తువు చేతిని వదిలి వెళ్లిపోతుంది. ఫ్లై కాస్టింగ్‌లో ఏదీ చేతిని వదలదు, రాడ్ చేతిలోనే ఉంటుంది. రాడ్‌లో దాచిన శక్తి లైన్‌లోకి దిగాలంటే రాడ్ ఆగాల్సిందే. చెయ్యి సాగుతూ పోతే ఆ శక్తి మెల్లగా కారిపోతుంది. టెన్నిస్, బ్యాడ్మింటన్ ఆడేవాళ్లలోనూ ఈ గొడవ చూస్తాను. ఎన్నో ఏళ్లు బౌలింగ్ చేసిన చేతిలో అది మరీ లోతుగా ఉంటుంది.

గడియారం లెక్క చెప్పి చూశాను. పదింటి దగ్గర నుంచి రెండింటి దగ్గరికి, అక్కడ ఆపి, మళ్లీ పదింటికి. నాకు ఈ లెక్క మీద పెద్ద నమ్మకం లేదు. లైన్ పొడవు పెరిగే కొద్దీ ఊపు వెడల్పూ పెరగాలి, గడియారం ముల్లు ఒకే చోట పాతేస్తే కుదరదు. అయినా స్కూల్ సిలబస్‌లో ఉంది కాబట్టి మొదట అదే. ఆయన తలూపారు. చెయ్యి మాత్రం పది దాటి ఎనిమిదింటికి వెళ్లింది. చేతికి బోధపడని విషయాన్ని నోటితో ఎంత చెప్పినా అంతే.

అప్పుడు పన్నీరుబుడ్డి గుర్తుచేశాను. పెళ్లిలో వచ్చినవాళ్ల మీద పన్నీరు చిలకరించే సన్నమెడ వెండి బుడ్డి. దాన్ని ఊపుతూ పోతే చుక్క రాదు. విదిలించి ఆపితేనే చుక్కలు ఎగిరి పడతాయి. "చుక్కలు నా మీద కాదు, అదిగో ఆ కంచె మీద పడాలి" అన్నాను. రాడ్ పక్కన పెట్టించి, ఉత్త చేత్తో కాసేపు చిలకరింపు. తర్వాత రాడ్ పై ముక్క ఒక్కటే చేతికిచ్చాను. ఆ తర్వాతే మొత్తం రాడ్.

ఇంకో మార్పు కూడా చేశాను, బహుశా అదే ఎక్కువ పనిచేసింది. నిలువుగా కాకుండా పక్కవాటుగా, నడుము ఎత్తులో, నేలకి సమాంతరంగా విసరమన్నాను. నిలువుగా విసిరేటప్పుడు లైన్ తల వెనక్కి పోతుంది, కంటికి కనిపించదు. పక్కవాటుగా అయితే లూప్ మొత్తం కళ్లముందే ఉంటుంది. గాల్లో పడుకున్న ఇంగ్లిష్ ‘యు’ అక్షరం అది. రాడ్ కొస తిన్నటి గీతలో కదిలి ఆగితే ఆ ‘యు’ సన్నగా ఉంటుంది. కొస విల్లులా వంపు తిరిగితే వెడల్పవుతుంది. బౌలర్లకి చూపు బాగా ఉంటుంది, సీమ్ ఎటు తిరుగుతోందో గమనించే కన్ను అది. లూప్ సన్నబడటం ఆయన తన కళ్లతో చూశారు. ఆ తర్వాత నేను చెప్పాల్సింది చాలా తగ్గిపోయింది.

భోజనానికి ముందు 30 అడుగుల లైన్ తిన్నగా పడుతోంది. అప్పుడే ఆయన అడిగారు: "పిచ్ పొడవు ఎప్పటికి వేయగలనంటారు?" అంటే 22 గజాలు, 66 అడుగులు. వద్దన్నాను. ఈ వాగుల్లో ట్రౌట్ పడేది ఎక్కువగా 40 అడుగుల లోపే. దూరం పిచ్చి పట్టిన విద్యార్థి రెండో రోజు నదిలో బాధపడతాడు. నమ్మినట్టు కనిపించలేదు.

మధ్యాహ్నం కొత్త జబ్బు

భోజనం తర్వాత లీడర్‌లో ముడులు మొదలయ్యాయి. వీటిని గాలి ముడులు అంటారు గానీ పాపం గాలి చేసిందేమీ లేదు. లూప్ పై కాలు కింద కాలుని దాటి కిందికి జారి, మళ్లీ తగులుకుంటే పడే ముడి అది. ఇలాంటి ఒక్క ముడి పడితే లీడర్ కొసన ఉండే సన్నటి ముక్క, అంటే టిప్పెట్, బలం సుమారు సగానికి పడిపోతుంది.

ఉదయం జబ్బుకి వాడిన మందే ఈ జబ్బు తెచ్చింది. ఆగడం నేర్చుకున్నారు. ఆగాక ఎంతసేపు ఆగాలో ఇంకా తెలియలేదు. లైన్ వెనక్కి పూర్తిగా చాపుకోకముందే చెయ్యి కొంచెం కొంచెంగా ముందుకి పాకుతోంది. దాన్నే మేము క్రీప్ అంటాం. అలా పాకేసరికి ముందుకి ఊపడానికి మిగిలే దూరం తగ్గిపోతుంది. ఆ కాస్త దూరంలోనే బలమంతా పెట్టాల్సి వస్తుంది. ఒక్కసారిగా బలం పెడితే రాడ్ మరీ వంగి, కొస మధ్యలో కిందికి దిగి మళ్లీ లేస్తుంది. రాడ్ కొస వెళ్లిన దారిలోనే లైన్ కూడా వెళ్తుంది కాబట్టి ముడి పడుతుంది.

దీనికి మందు ఒక్కటే, తల తిప్పి వెనక్కి చూడటం. కుడికాలు కాస్త వెనక్కి పెట్టి, ఛాతీ పక్కకి తిప్పి నిలబడితే మెడ నొప్పి లేకుండా బ్యాక్‌కాస్ట్ కనిపిస్తుంది. లైన్ చాపుకోగానే "ఊఁ" అని పైకి అనమన్నాను, ఆ తర్వాతే చెయ్యి కదలాలి. లైన్ పొడవు పెంచితే "ఊఁ" ఆలస్యమవ్వాలి. మైదానంలో మిగతావాళ్లు మావైపు వింతగా చూశారు. ఆయనకి పట్టలేదు.

ఒక షరతు కూడా పెట్టాను. ఇరవై నిమిషాలు విసిరాక పదిహేను నిమిషాలు కూర్చోవాలి. భుజం అలిసిపోతే బౌలింగ్ తిరిగి వచ్చేస్తుంది. కష్టపడి తీసేసిన అలవాటు అలసటలోనే ముందు తల ఎత్తుతుంది. కొందరు ఇన్‌స్ట్రక్టర్లు మధ్యాహ్నమంతా విసిరించి అలసిపోగొడతారు, డబ్బుకి తగ్గ పని చేయించినట్టు ఉంటుందని. నా దృష్టిలో అది తప్పు అలవాటుకి గట్టిగా నీళ్లు పోయడమే.

సాయంత్రం ముడులు వేయడం, పురుగులు చూడటం. లైసెన్స్ సంగతి ఫోన్‌లోనే తేలిపోయింది, న్యూయార్క్‌లో 16 ఏళ్లు నిండిన వాళ్లకి అది కావాలి. వాగులో రాళ్లు తిరగేసి కింద అంటుకున్న మేఫ్లై పిల్లపురుగుల్ని తెల్ల పళ్లెంలో పోసి చూపించాను. మే మొదటి వారం, హెండ్రిక్సన్ అనే మేఫ్లై రెక్కలు విప్పే రోజులు. నీళ్లు 50 ఫారెన్‌హీట్ దాటాక, మధ్యాహ్నం పూట ఇవి నీటి అడుగు నుంచి లేచి పైన రెక్కలు ఆరబెట్టుకుంటాయి. ట్రౌట్ వాటికోసమే పైకి వస్తుంది. దాన్ని పోలిన ఫ్లై 12 లేదా 14 సైజు ముల్లు మీద కడతారు.

ఆదివారం, నీళ్లలో

పొద్దున్నే కుక్స్ ఫాల్స్ దగ్గరి ప్రభుత్వ ప్రవాహ మీటర్ రీడింగ్ చూశాను. బీవర్‌కిల్ సెకనుకి 600 ఘనపుటడుగుల పైన పారుతోంది. కొత్తవాళ్లకి అది ఎక్కువే. అందుకని చిన్నదైన విల్లోవీమాక్‌కి, పట్టిన చేపని తప్పకుండా వదిలేయాలనే నిబంధన ఉన్న భాగానికి తీసుకెళ్లాను. నీటి ఉష్ణోగ్రత 53. వేడర్ల (నీళ్లు చొరని పొడవాటి ప్యాంట్ల) మీద నడుము బెల్ట్ బిగించడం, చేతికర్ర, ప్రవాహానికి పక్కగా నిలబడి ఒక కాలు కుదురుకున్నాకే రెండో కాలు జరపడం, ఇవన్నీ నేర్పాకే నీళ్లలో దిగనిచ్చాను. బెల్ట్ లేకుండా పడితే వేడర్లలోకి నీళ్లు చేరతాయి, తమాషా కాదు.

ఇక్కడే గాలం అనుభవం బయటపడింది. మిగతా విద్యార్థులు తిన్నగా నీళ్లలోకి నడిచి ఒడ్డున ఉన్న చేపల్ని తరిమేస్తుంటే, ఈయన ఒడ్డుకి పది అడుగుల దూరంలోనే ఆగిపోయారు. నీడ నీళ్ల మీద పడకుండా సూర్యుడు ఎటున్నాడో చూసుకున్నారు. వంగి నడిచారు. వేగంగా పారే నీటికీ నెమ్మదిగా పారే నీటికీ మధ్య నురగ గీత ఒకటి ఉంటుంది. "మా కాలవలో తూము కింద ఇలాగే ఉంటుంది, అక్కడే ఉంటాయి" అని దాన్ని చూపించారు. నేను ఏడాదంతా నేర్పినా కొందరికి రాని చూపు అది. నీళ్లు చదవడం మీద పెట్టుకున్న గంట నాకు మిగిలిపోయింది.

ఆ గంట డ్రాగ్ తినేసింది. డ్రై ఫ్లై ప్రవాహంతో పాటు ఉత్త పురుగులా కొట్టుకుపోవాలి. మధ్యలో వేగమైన నీళ్లు లైన్‌ని ముందు లాగేస్తే, ఫ్లై పడవలా గీత గీసుకుంటూ ఈడ్చుకుపోతుంది. ట్రౌట్ దాన్ని ముట్టదు. లైన్‌ని ఎత్తి ఎగువకి వేయడమే విరుగుడు, దాన్నే మెండ్ అంటాం. ఫ్లై కదలకుండా లైన్‌ని మాత్రమే ఎత్తాలి. దగ్గరగా నిలబడి, తక్కువ లైన్‌తో విసిరితే మెండ్ అవసరం కూడా తగ్గుతుంది. పిచ్ పొడవు ఆశ ఇక్కడ తనంతట తానే పోయింది. దూరం విసిరిన ప్రతిసారీ ఫ్లై ఈడ్చుకుపోవడం చూసి, ఆయనే ముందుకి నడిచి లైన్ తగ్గించారు.

మధ్యాహ్నం హెండ్రిక్సన్లు లేచాయి. చెట్టుకొమ్మ కింద ఒక ముక్కు పైకి వస్తోంది. ఫ్లై బాగానే పడింది, చేప తీసుకుంది. అంతే, ఆయన గుంజారు. రాడ్ తల మీదుగా వెనక్కి, రెండు చేతులతో. టిప్పెట్ పటుక్కున తెగింది. కాసేపటికి ఇంకో చేపతోనూ అదే జరిగింది.

ఇది బౌలింగ్ అనుకుని ఫాలో త్రూ గొడవలోకి పోతే సమయం వృథా అయ్యేది. ఇది గాలం. "కాలవలో ఎలా లాగేవారు?" అని అడిగితే చేసి చూపించారు. జీలుగ బెండు బుడుంగున మునగ్గానే, చేప గట్టున పడేలా ఒక్క గుంజు. వెదురు కర్ర, లావు దారం, చిన్న జెల్ల. ఆ సరంజామాకి అదే సరైన పద్ధతి, మెల్లగా లాగితే జెల్ల జారిపోతుంది. ఇక్కడ టిప్పెట్ 5ఎక్స్, మందం 0.006 అంగుళం, సుమారు రెండు కిలోల బరువు ఆపుతుంది. ముల్లు సన్నది, పదునైనది. రాడ్ కొస ఒక అడుగు ఎత్తితే చాలు, దిగిపోతుంది.

తగ్గించమని చెప్తే తగ్గదు. ముప్పై ఏళ్ల కింద చేతికి అబ్బినది అది. అందుకని ముందు ఎడమచేతిని ఆపాను. లైన్‌ని కుడిచేతి చూపుడువేలి కింద నొక్కి పట్టుకుని, ఎడమచెయ్యి జేబులో పెట్టుకోమన్నాను. రెండు చేతులతో గుంజే వీలు పోయింది. తర్వాత డ్రై ఫ్లై పూర్తిగా తీసేసి, నీటి అడుగున పోయే నింఫ్ కట్టి, దాని పైన చిన్న నారింజ రంగు ఇండికేటర్ పెట్టాను.

గోర్డన్ లోయలో డ్రై ఫ్లై లేచే వేళ ఇండికేటర్ కట్టించడం కొందరు పెద్దమనుషులకి అపచారంలా ఉంటుంది. పక్కనున్న ఒక పెద్దాయన అటు తిరిగి నిలబడ్డారు కూడా. నా లెక్క వేరు. ఆయనకి బెండు చదవడం వచ్చు. ఇండికేటర్ కూడా బెండే. తెలియని మూడు పనులు ఒకేసారి చేయించే బదులు, తెలిసిన పని మీద నిలబెట్టి తెలియని ఒక్క పని, అంటే మెత్తగా ఎత్తడం, నేర్పితే పోలా?

ఇండికేటర్ మునిగేదాకా ఆయన ఆగలేదు. అది నీటి వేగం కంటే కొంచెం నెమ్మదించగానే రాడ్ ఎత్తారు. నేనైతే ఆ నెమ్మదించడం చూడలేదు. చేప తగిలింది. ఈసారి గుంజు లేదు. రాడ్ పక్కకి వంచి, ప్రవాహం వైపు నుంచి మెల్లగా వల దాకా తీసుకొచ్చారు. పదకొండు అంగుళాల బ్రౌన్ ట్రౌట్, ఒంటి మీద ఎర్ర చుక్కలు.

"వదిలేయాలా?" అన్నారు. అడిగిన తీరులో పులుసు వాసన స్పష్టంగా తెలిసింది. ఈ భాగంలో తప్పదన్నాను. న్యూయార్క్‌లో అన్ని చోట్లా ఇలా కాదు, కొన్ని నీళ్లలో పరిమితి మేరకు ఇంటికి తీసుకెళ్లొచ్చు. చేతులు తడుపుకుని, చేప జారకుండా ఆపే ఎదురు గోరు లేని ముల్లు తీసి, ఎగువకి మొహం పెట్టి పట్టుకుంటే కాసేపట్లో వెళ్లిపోయింది. సాయంత్రం దివిసీమకి ఫోన్ చేసి చెప్తే వాళ్లమ్మ గారు అన్నారట, "పట్టుకుని వదిలేయడానికి అంత దూరం పోయావా?"

ఆ తర్వాత

నెల తర్వాత ఆయన పార్కులో తీసిన స్లో మోషన్ వీడియోలు పంపారు. బ్యాక్‌కాస్ట్ ఆగుతోంది, క్రీప్ చాలావరకు పోయింది. ఒక వీడియోలో మాత్రం లూప్ మళ్లీ పెద్దగా తెరుచుకుంది, వెనక మడమ లేచింది. తేదీ అడిగితే ముందురోజు మ్యాచ్ ఆడారని తేలింది. క్రికెట్ మానమని చెప్పే హక్కు నాకు లేదు, చెప్పినా వినరు. మ్యాచ్ మర్నాడు కాస్టింగ్ ముట్టొద్దని, వారం మధ్యలో పదేసి నిమిషాలు పక్కవాటుగా మాత్రమే విసరమని చెప్పాను. గుంజుడు మీద తీర్పు ఇంకా రాలేదు. గడ్డి మీద చేప తగలదు కదా.

జులైలో బీవర్‌కిల్‌కి వస్తానన్నారు. ఆనకట్ట లేని నది కాబట్టి ఎండాకాలం త్వరగా వేడెక్కుతుంది. 68 ఫారెన్‌హీట్ దాటితే వదిలేసిన ట్రౌట్ కూడా బతకడం కష్టం. థర్మామీటర్ కొనుక్కుని, అంతకు మించితే రాడ్ కారులోంచి తీయొద్దన్నాను. సెప్టెంబర్‌లో నీళ్లు చల్లబడి ఐసోనికియా పురుగులు లేచే రోజుల్లో కలుద్దామని ఖాయం చేసుకున్నాం. అప్పటికి ఇండికేటర్ తీసేసి, డ్రై ఫ్లైతో ఎడమచెయ్యి జేబులోంచి బయటికి తీయించాలి.